కారు చూరులో తుప్పు: అపోహలు - వాస్తవాలు

మా షెడ్డుకు పాత అంబాసిడర్, పద్మిని తెచ్చేవాళ్ళు ముందుగా చూపించేది మడ్‌గార్డ్ కింద తుప్పు, లేదంటే డోరు అడుగున తుప్పు. నేను మాత్రం స్టూలు వేసుకుని ముందు టాపు అంచు చూస్తాను. ఇంటికి చూరు ఎలాగో ఈ కార్లకు గట్టర్ అలాగ. టాపు మీద పడ్డ వాన నీళ్ళు డోరు సందుల్లోకి కారకుండా ముందుకూ వెనక్కూ మళ్ళించే గాడి అది.

అది ఒకే రేకును వంచి చేసింది కాదు. టాపు రేకు అంచునీ పక్క ఫ్రేము రేకు అంచునీ ఒకదాని మీద ఒకటి పెట్టి చుక్కలు చుక్కలుగా అతుకుతారు, దాన్నే స్పాట్ వెల్డింగ్ అంటారు. చుక్కకీ చుక్కకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఆ సందులోకి నీళ్ళు దిగకుండా ఫ్యాక్టరీలోనే సీలర్ పూస్తారు. ఏళ్ళ తరబడి ఎండకు కాగి ఆ సీలర్ గట్టిపడుతుంది, ముడుచుకుంటుంది, చివరికి పగులుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న ఏ బండిలోనూ ఆ సీలర్ కొత్తది కాదు. ఈ గాడి గురించి నేను రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని బండి ప్రాణం తీసేవి.

అపోహ: "పెయింటు బాగానే ఉంది మేస్త్రీ, అక్కడొక చిన్న బుడగ, అంతే."

గట్టర్‌లో తుప్పు పైనుంచి లోపలికి పోదు, లోపలినుంచి పైకి వస్తుంది. రెండు రేకుల మధ్య దూరిన నీటికి గాలి తగలదు, ఎండ తగలదు. వాన వెలిసి టాపు మీద చెయ్యి కాలుతున్నప్పుడు కూడా ఆ సందులో చెమ్మ అలాగే ఉంటుంది. పైగా ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికి కొన్ని రెట్లు చోటు కావాలి. ఆ చోటు కోసం రేకుల్ని విడదీస్తుంది. విడిన కొద్దీ ఇంకాస్త నీరు దిగుతుంది. బుడగ మన కంటికి కనిపించేసరికి కింద పని చాలా దూరం నడిచి ఉంటుంది.

మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు క్రీమ్ కలర్ అంబాసిడర్ తెచ్చారు. వెనక డోరు పైన, గాడిలో పెసరగింజంత బుడగ. స్క్రూడ్రైవర్ పిడితో గాడి వెంట తడుతూ వచ్చాను. మంచి రేకు ఖంగుమంటుంది. బుడగకు జానెడు ముందే మోత మారిపోయింది, తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు. పాత సీలర్ గీకితే ఎండిన తుమ్మజిగురులా పెళుసుగా ముక్కలు రాలింది. దాని కింద రేకు తాపేశ్వరం మడత కాజాలా పొరలు పొరలుగా లేచి వచ్చింది. "పెయింటు నిగనిగలాడుతోంది కదయ్యా!" అన్నారు మాస్టారు. అవునండీ, ఆ నిగనిగే ఇన్నాళ్ళూ దాన్ని దాచిపెట్టింది.

అపోహ: "సిలికాన్ గన్ తీసుకుని ఒక వరస కొట్టేస్తే సరి."

ఈ తప్పు నేనూ చేశాను. పని నేర్చుకున్న కొత్తలో, శ్రావణం ముసురులో, ఒక పద్మిని గట్టర్‌కు బాత్రూమ్ టైల్స్‌కు వాడే సిలికాన్ వేశాను. అప్పటికి కారడం ఆగింది. బండి ఆయన సంతోషంగా తీసుకెళ్ళారు. రెండు వానాకాలాలు గడిచాక మళ్ళీ తెచ్చారు. సిలికాన్ పట్టీ ఒక చివర పట్టుకుని లాగితే వానపాములా మొత్తం ఊడొచ్చింది, దాని వెనక గాడి అంతా తుప్పు. ఆయనకు ఆ పని ఉచితంగా మళ్ళీ చేసిచ్చాను. ఆ గాడి మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఎందుకలా అయిందంటే, చవక రకం సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. అది అసిటిక్ యాసిడ్. అంటే ఇనుము మీద మన చేత్తో మనమే యాసిడ్ పెడుతున్నాం. ఆ వాసన రాని రకాలూ ఉన్నాయి, కానీ ఏ రకమైనా సిలికాన్ మీద పెయింటు నిలవదు. చేతికంటిన కాస్త జిడ్డు పక్క రేకుకు తగిలినా, అక్కడ పెయింటు కొట్టినప్పుడు చేపకళ్ళలా గుంటలు పడతాయి. గట్టర్‌కు కావలసింది కారు బాడీల కోసమే చేసిన సీమ్ సీలర్. పాలీయురేథేన్ రకం కానీ, ఎంఎస్ పాలిమర్ రకం కానీ. ఆరాక కూడా రబ్బరులా సాగుతాయి, పైన పెయింటు పడుతుంది.

ఇంకో మాట. సందులో తడి ఉండగా పైన ఎంత మంచి సీలర్ వేసినా నీటిని లోపల పెట్టి తాళం వేసినట్టే. పగిలిన గట్టర్‌లో నీరు దిగుతుంది, కొంతైనా ఆరుతుంది. తడిమీద మూసిన గట్టర్‌లో అది బయటికి రాదు. సగం పని చెయ్యడం కంటే అలా వదిలెయ్యడమే నయమని నేను అనేది అందుకే.

అపోహ: "లప్పం పెట్టి నున్నగా తీస్తే కొత్తదానిలా ఉంటుంది."

ఉంటుంది, కొన్ని నెలలు. లప్పం చెమ్మ పీల్చుకుంటుంది, సాగదు. డోరు గట్టిగా వేసినప్పుడల్లా, గతుకుల రోడ్డు ఎక్కినప్పుడల్లా టాపు అతుకు కదులుతుంది. కదిలే చోట లప్పానికి పనే లేదు.

అపోహ: "తుప్పు మందు రాస్తే తుప్పు పోతుంది."

రస్ట్ కన్వర్టర్ తనకు తగిలిన తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది. తగలని దాన్ని ఏమీ చెయ్యదు. పొరలుగా లేచిన తుప్పు మీద రాస్తే పై పొర మాత్రమే మారుతుంది. కాబట్టి ముందు గీకాలి, వైర్ బ్రష్ పట్టాలి, ఉప్పుకాగితం పట్టాలి. గ్రైండర్ రాయి పెట్టకండి. అసలే సన్నటి రేకు, తుప్పుతో పాటు మంచి ఇనుమూ పోతుంది. పెయింటు ఊడదీసే రసాయనం గాడిలో పొయ్యకండి. సందులో దిగి దాక్కుని, కొత్త పెయింటు వేశాక లోపలినుంచి దాన్నే లేపుతుంది.

సందు లోతుల్లో ఉన్న తుప్పు మాటేమిటి? అతుకు గట్టిగా ఉంటే పెయింటుకు ముందు వేసే పల్చటి ఎపాక్సీ ప్రైమర్‌ను సందులోకి పీల్చుకోనిచ్చి, ఆరాక సీలర్ వేస్తాను. దానివల్ల తుప్పు నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆగిందని ఎవరికీ మాటివ్వను. రేకుకు చిల్లు పడితే మందులతో పని లేదు, ఆ మేర కోసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి. టాపు లోపలి లైనింగ్ విప్పకుండా, బ్యాటరీ తియ్యకుండా అక్కడ వెల్డింగ్ పెట్టే మేస్త్రికి బండి ఇవ్వకండి. లైనింగ్ గుడ్డ అంటుకుందంటే కళ్ళముందే బండి పోతుంది.

అపోహ: "కాళ్ళ దగ్గర తడి వస్తోందంటే అద్దం రబ్బరు పోయినట్టే."

కావచ్చు, కాకపోవచ్చు. గట్టర్‌లో దూరిన నీరు టాపును మోసే బాడీ స్తంభాల లోపలినుంచి దిగి ఎక్కడో అడుగున తేలుతుంది. అద్దం రబ్బరు మార్పించి, ఆ డబ్బు వృథా అయ్యాక నా దగ్గరకు వచ్చినవాళ్ళున్నారు. పరీక్ష సులువు. లైనింగ్ అంచు కొంచెం దింపి, లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి. బయట ఒకరు చెంబుతో గాడిలో సన్నధారగా పొయ్యాలి. పల్లం వైపు మొదలుపెట్టి మెల్లగా ఎత్తుకు రావాలి. పైపు పెట్టి ఒక్కసారిగా తడిపితే ఎక్కడినుంచి వస్తోందో ఎప్పటికీ తేలదు.

అపోహ: "మే నెల ఎండలో పెట్టి చేస్తే బాగా ఆరుతుంది."

సందు ఆరడానికి ఆ ఎండ కావాలి. గీకి, శుభ్రం చేసి, నాలుగైదు రోజులు ఎండలో వదలండి. ప్రైమర్, సీలర్ మాత్రం నీడలోనే. కాలే రేకు మీద వేస్తే పైన తోలు కట్టి, అడుగు సరిగ్గా అతుక్కోదు. ఈ సీలర్లు గాలిలోని తేమతో పైనుంచి లోపలికి గట్టిపడతాయి, రోజుకు 2, 3 మిల్లీమీటర్లు. అందుకే పల్చగా వెయ్యాలి. రెండువైపులా మాస్కింగ్ టేపు అంటించి, సన్నగా వేసి, పొట్టి బ్రష్‌తో సందులోకి కూరి, గ్లవ్ వేసుకున్న వేలితో ఒక్క లాగుడు లాగండి. సీలర్ తోలు కట్టకముందే టేపు తీసెయ్యండి. గాడి రెండు చివరలా నీరు జారిపోయే దారిలో సీలర్ గడ్డ కట్టకుండా చూడండి. అక్కడ అడ్డుపడితే గాడి కాస్తా చెరువవుతుంది.

అపోహ: "పాత ఇంజన్ ఆయిల్ పోస్తే తుప్పు దగ్గరికే రాదు."

వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, మసి ఉంటాయి. పైగా ఒకసారి సందులో నూనె దిగితే ఏ సీలరూ అక్కడ పట్టదు. తుప్పు ఆపే మైనం వెయ్యాలంటే అన్ని పనులూ అయ్యాక, పెయింటు కూడా ఆరాక, లోపలివైపు నుంచి కొట్టించండి.

పని అయ్యాక బండిని ప్లాస్టిక్ కవర్‌తో బిగించకండి, లోపల చెమ్మ పడుతుంది. గాలాడే గుడ్డ కవర్ వాడండి. గాడి మీద బిగించే స్టీలు పట్టీ (బీడింగ్) కింద మట్టి చేరుతుంది, కాబట్టి మాస్టారి బండికి అది మళ్ళీ పెట్టలేదు. ఆయన పెళ్ళిళ్ళకు సామాను కట్టే క్యారియర్ కూడా మా షెడ్డులోనే ఉంది. దాని క్లాంపులు గట్టర్‌నే పట్టుకుంటాయి, బరువుకు ఊగి ఊగి సీలర్‌ను పగలగొడతాయి. "అది ఇక ఎక్కించకండి మాస్టారూ" అన్నాను. కాసేపు దాని వంకే చూసి, "ఉంచుకోవయ్యా, పాదులకు పందిరి వేసుకో" అన్నారు. ఇప్పుడు దాని మీద బీరతీగ పాకుతోంది.