పెన్ ఎ వాన్ ఎక్కబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ శనివారం మీరంతా పెద్దవాళ్ళతో కలిసి పెన్ ఎ వాన్ ఎక్కుతున్నారట. దక్షిణ వేల్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ అదే, 886 మీటర్లు. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు మీలో కొందరు అలిపిరి నుంచి తిరుమలకు నడిచారు కదా, ఎత్తులో ఇంచుమించు అంతే. పైగా మీరు కారు దిగే స్టోరీ ఆర్మ్స్ దగ్గరికే దాదాపు సగం ఎత్తు వచ్చేసి ఉంటారు. అయితే ఈజీయే అనుకోకండి. అలిపిరి మెట్లదారిలో నెత్తిన కప్పుంటుంది, తప్పిపోదామన్నా దారి తప్పదు. ఇక్కడ చెట్టు నీడ కూడా ఉండదు. కింద ఎండ కాస్తున్నా, పైన మబ్బు దిగిందంటే నాలుగడుగుల అవతల మనిషి కనిపించడు.

అందుకే ముందొకరు, వెనకొకరు పెద్దవాళ్ళు నడుస్తారు. ముందున్నవాళ్ళని దాటొద్దు, వెనకున్నవాళ్ళకన్నా వెనకబడొద్దు. మనలో నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరో, అందరిదీ వాళ్ళ నడకే. చాలా గుంపుల్లో ఒకటి చూశాను. ముందువాళ్ళు ఆగి ఆయాసం తీర్చుకుంటారు, వెనకవాళ్ళు వచ్చి చేరగానే లేచి బయల్దేరతారు. పాపం, అసలు రెస్ట్ కావలసినవాళ్ళకే దొరకదు! వాళ్ళు కూర్చుని నీళ్ళు తాగేదాకా ఆగండి. పక్కకు వెళ్ళాల్సి వస్తే ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళండి.

పెన్ ఎ వాన్ పక్కనే ఉన్న కోర్న్ డీ శిఖరానికి కాస్త దిగువన, కుమ్ ల్లూఖ్ చెరువుకు ఎగువనున్న కొండగట్టు మీద ఒక రాతి స్తంభం ఉంది, ఒక చిన్న పిల్లవాడి గుర్తుగా పెట్టింది. 1900 ఆగస్టులో టామీ జోన్స్ అనే ఐదేళ్ళ పిల్లవాడు, గనిలో పనిచేసే నాన్నతో కలిసి తాతగారింటికి బయల్దేరాడు. దారిలో తాతగారు, పదమూడేళ్ళ మనవడితో ఎదురయ్యారు. పెద్దవాళ్ళు అక్కడే ఆగి, నానమ్మకు కబురు చెప్పమని పెద్ద పిల్లవాణ్ణి పంపితే, టామీ కూడా వెంట పరిగెత్తాడు. చీకటి పడుతోంది. సగం దారిలో భయమేసి, నాన్న దగ్గరికి పోతానని వెనక్కి తిరిగాడు. పెద్ద పిల్లవాడు కబురు చెప్పి, పావుగంటలో తిరిగొచ్చేసరికి టామీ నాన్న దగ్గరా లేడు, దారిలోనూ లేడు. సైనికులు, పోలీసులు, రైతులు వారాల తరబడి గాలించారు. సెప్టెంబరు 2న ఆ గట్టు మీద శవం దొరికింది. ఆ చిన్న కాళ్ళు అంత ఎత్తుకు ఎలా ఎక్కాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఎవరినని తప్పుపడతాం? కాస్త దూరమేగా అనుకుని ఉంటారు.

శిఖరం మీద ఫోటో కోసం క్యూ ఉండొచ్చు. నాకు ఆ సరదా లేదు గానీ, మీరు నిలబడితే కాళ్ళ కింద రాతిపలకలు చూడండి. ఏటి ఒడ్డు ఇసుకలో ఉన్నట్టే అలల గీతలు తగులుతాయి, వేలితో రాసి చూడండి. ముప్పై ఏడు కోట్ల ఏళ్ళ కిందట నదులు తెచ్చిపోసిన ఇసుక అలా రాయైపోయింది. దారంతా కనిపించే ఎర్రమట్టికి ఆ రంగు ఇనుము వల్లే వచ్చింది. ఉత్తరం అంచు మాత్రం నిట్టనిలువు, అటు పోవద్దు.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. రెయిన్ జాకెట్, మెడలో విజిల్ ఉండాలి. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. ఫోన్ కలిస్తే ఎమర్జెన్సీ నంబరు 999కి చేసి ముందు పోలీసులనీ, తర్వాత మౌంటెన్ రెస్క్యూనీ అడగాలి. వచ్చేవాళ్ళంతా వాలంటీర్లు, ఒక్క పెన్నీ తీసుకోరు. కాబట్టి ఆటకు ఊదకండి.

పులిహోర డబ్బా శిఖరం మీద విప్పొద్దు, గాలికి మూత ఎగిరిపోతుంది. కాస్త దిగాక కూర్చుని తినండి. గొర్రెలు దగ్గరికొచ్చి అడిగినట్టే చూస్తాయి, పెట్టకండి.

మీ తాతయ్య