వణుకు లేని పార్కిన్సన్స్

భుజం పట్టేస్తుంది. చొక్కా తొడుక్కోవాలంటే చెయ్యి వెనక్కి పోదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఫ్రోజెన్ షోల్డర్ అని ఫిజియోథెరపీ రాస్తారు. కొన్నాళ్లకు అదే వైపు కాలు ఈడవడం మొదలవుతుంది. ఈసారి నడుముకు స్కానింగ్. న్యూరాలజిస్టు (నరాల డాక్టరు) దగ్గరికి చేరేసరికి ఏడాదో, రెండేళ్లో గడిచిపోతాయి. కదలికలు నెమ్మదించిపోయే మెదడు జబ్బు పార్కిన్సన్స్. అది ఉన్నవాళ్లలో చాలామంది ఇలా తిరిగి తిరిగి వచ్చినవాళ్లే.

"చేతులేం వణకడం లేదుగా!" అన్న ధీమాయే సగం ఆలస్యానికి కారణం. ఈ జబ్బు మొదట్లో దాదాపు పావువంతు మందికి వణుకే ఉండదు. వణికే ప్రతి చెయ్యీ పార్కిన్సన్సూ కాదు. టీ గ్లాసు ఎత్తినప్పుడు వణికితే అది సాధారణంగా వేరే రకం. పార్కిన్సన్స్ వణుకు టీవీ చూస్తూ ఒళ్లో ఊరికే పెట్టుకున్న చేతిలో కనిపిస్తుంది.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని గమనించి ఈ జబ్బును వర్ణించాడు. వాళ్లలో కొందరు ఆయనకు వీధిలో తారసపడ్డవాళ్లే. ఇప్పటికీ నిర్ధారణ ప్రధానంగా డాక్టరు మనిషిని కళ్లారా చూసి చేసేదే. మామూలు ఎమ్మారై చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు. బొటనవేలికి చూపుడువేలు టకటకా తాకించమంటే, పోనుపోను వేళ్ల మధ్య ఎడం తగ్గిపోతుంది. రాస్తుంటే అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి, బ్యాంకులో సంతకం కలవదు. ఇవన్నీ పట్టుకోవాలంటే మనిషిని వరండాలో నాలుగడుగులు నడిపించి చూడాలి. కిక్కిరిసిన ఓపీలో అంత తీరిక ఎవరికి?

అలాగని తప్పంతా డాక్టర్లదే అనలేం. మధ్యమెదడులో డోపమైన్ (కదలికలు సాఫీగా సాగేందుకు కావలసిన రసాయనం) తయారుచేసే కణాలు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా రాలిపోతుంటాయి. కదలికల్లో తేడా బయటపడేనాటికే దాదాపు సగం పోయి ఉంటాయని అంచనా. అంతకుముందు వచ్చేవి మలబద్ధకం, వాసన తెలియకపోవడం. వీటికి న్యూరాలజిస్టు దగ్గరికి ఎవరు పరిగెడతారు? నిద్రలో కలకు తగ్గట్టు అరుస్తూ, పక్కవాళ్లను తన్నే అలవాటు కొత్తగా వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు ఇంకొకటి ఉంది: లేని పార్కిన్సన్స్‌ను ఉందనుకోవడం. కళ్లు తిరుగుతున్నాయని సిన్నారిజిన్, గ్యాస్‌కు లెవోసల్పిరైడ్ కలిసిన మాత్ర ఒకసారి రాయించుకుని, అదే చీటీతో మెడికల్ షాపులో నెలల తరబడి కొని వాడేస్తుంటారు. ఇవి డోపమైన్ పనికి అడ్డుపడి, అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే తెప్పించగలవు. డాక్టరు చెప్పి మాన్పిస్తే చాలామందిలో నెమ్మదిగా తగ్గిపోతాయి. ఆ మాత్రల సంగతి ఎవరూ అడగకపోతే, లేని జబ్బుకు కూడా మందులు మొదలవుతాయి.

జబ్బును ఆపే మందు ఇంకా లేదు. అయినా త్వరగా తెలిస్తే లెవోడోపా లాంటి మందులతో మనిషి పని మనిషి చేసుకోగలుగుతాడు, అక్కర్లేని భుజం ఆపరేషన్లూ తప్పుతాయి. డాక్టరు ఎదుట చాలామంది ఉన్న ఓపికంతా కూడగట్టుకుని చకచకా నడిచేస్తారు. అందుకే ఇంట్లో మామూలుగా నడిచేటప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లడం మంచిది. గ్యాస్ మాత్రతో సహా.