శాఖ లేని సబ్జెక్టు, వేళ చాలని గురువు

బెంగళూరులో ఫ్యామిలీ మెడిసిన్, అంటే ఇంటిల్లిపాదినీ ఏళ్ల తరబడి చూసే వైద్యం, నేర్పే డాక్టర్లకు పనిలో తృప్తి ఎందుకు నిలవదో తెలియాలంటే, జీతాల చిట్టా కన్నా ముందు దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక తిరగేయాలి. రోగంతో పాటు సమాజాన్నీ చూసే డాక్టరు కావాలని, అందుకు మూడు నెలల శిక్షణ ఉండాలని ఆ కమిటీ చెప్పింది. ఆ దారిలో కాలేజీల్లోకి వచ్చింది పీఎస్‌ఎం (ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్), అంటే ఇప్పటి కమ్యూనిటీ మెడిసిన్. టీకాలు, తాగునీరు, సర్వేలు దాని చేతికి వెళ్లాయి. ఫ్యామిలీ మెడిసిన్‌కు మాత్రం చాలా కాలేజీల్లో విడిగా శాఖ ఏర్పడలేదు. శాఖ లేని చోట ప్రొఫెసర్ పోస్టూ లేదు, ప్రమోషనూ లేదు.

ఆ ఖాళీని కాలేజీల బయట పూడ్చింది 1975లో మొదలై 1982లో స్వతంత్ర సంస్థ అయిన నేషనల్ బోర్డు, పీజీ వైద్య పరీక్షలు పెట్టే సంస్థ. ఎంబీబీఎస్ తర్వాత ఆ బోర్డు ఇచ్చే పీజీ పట్టా డీఎన్‌బీకి మూడేళ్ల శిక్షణ ఆస్పత్రుల్లోనే సాగుతుంది. హెబ్బాళలోని బాప్టిస్ట్ హాస్పిటల్ అలాంటిదే. అక్కడ కేసులకు కొదవ ఉండదు. చిక్కల్లా, ఈ ఏర్పాటులో గురువు ముందుగా కన్సల్టెంటు. ఓపీ ఆయన ఉద్యోగం, పాఠం దాని సందుల్లో.

లెక్క చూడండి. నాలుగు గంటల ఓపీలో 40 టోకెన్లంటే మనిషికి 6 నిమిషాలు. శిక్షణలో ఉన్న జూనియర్ డాక్టరు తెచ్చే పది కేసులకు ఐదేసి నిమిషాలు పాఠం చెబితే 50 నిమిషాలు పోతాయి. మనిషికి మిగిలేది 4 నిమిషాల 45 సెకన్లు. 1992లో అమెరికా ఫ్యామిలీ మెడిసిన్ అధ్యాపకులు ప్రచురించిన ‘ఒక్క నిమిషం’ పద్ధతిలో ఐదు మెట్లున్నాయి: జూనియర్ చేత రోగమేమిటో చెప్పించడం, ఎందుకనుకున్నావని అడగడం, ఒక సూత్రం చెప్పడం, సరిగా చేసినదాన్ని మెచ్చుకోవడం, తప్పు దిద్దడం. పేరుకే ఒక్క నిమిషం. తొందరలో ముందుగా జారిపోయేవి రెండోది, నాలుగోది. జూనియర్‌కు తిట్లే మిగులుతాయి, గురువుకు నేర్పానన్న తృప్తి మిగలదు. ఇక హిందూపురం నుంచో మదనపల్లె నుంచో ముగ్గురు స్పెషలిస్టుల చీటీలు సంచీలో వేసుకొచ్చిన పెద్దాయన ఎదురుగా కూర్చుంటే, ఆ సంచీ విప్పేసరికే టైమైపోతుంది. జూనియర్‌కు తెలుగు రాకపోతే గురువే దుబాసీ.

దీనికన్నా లోతైన దెబ్బ రొటేషన్లది. మెడిసిన్, సర్జరీ, పిల్లల వార్డు, కాన్పుల వార్డు అంటూ జూనియర్ నెలల తరబడి వేరేవాళ్ల దగ్గరుంటాడు. ఈ రోజు తాను షుగర్ మందు మొదలుపెట్టిన మనిషి మూడు నెలలకు తిరిగొచ్చేసరికి జూనియర్ లేబర్ రూములో ఉంటాడు. ఆ మందు పనిచేసిందో లేదో, రోగి అసలు వేసుకున్నాడో లేదో జూనియర్‌కు తెలియదు. హస్తవాసి అని మన జనం అనేది ఆ రెండో రాకడలోనే తెలుస్తుంది. గురువు నేర్పాలనుకున్నదీ అదే. చేతికి దక్కేది మాత్రం ఏ వార్డులోనో చేసిన పనులున్న లాగ్ బుక్కు మీద సంతకం.

2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ఫ్యామిలీ మెడిసిన్ పీజీ కోర్సులను ప్రోత్సహించాలని ఆ కమిషన్ కింది పీజీ వైద్యవిద్య బోర్డుకు చెప్పింది. గురువు ఓపీలో ఎన్ని టోకెన్లు తగ్గించాలో అలాంటి చట్టంలో ఉండదు, అది ఆస్పత్రే తేల్చుకోవాలి. పనిలో అలసటను కొలిచే మాస్లాక్ ప్రశ్నావళిలోని 22 ప్రశ్నలు 1981 నుంచీ ఉన్నాయి, కానీ వేళ ఎక్కడ పోతోందో అవి చెప్పవు. దానికి రెండు వారాల పాటు టోకెన్లు, చర్చించిన కేసులు, ఓపీ దాటి కూర్చున్న నిమిషాలు రాసి పెట్టుకుంటే చాలు. పాఠం ఉన్న రోజు 30 టోకెన్లకు ఆపితే మనిషికి మళ్లీ 6 నిమిషాలు దాటి దొరుకుతాయి. తగ్గిన పది టోకెన్ల రాబడి ఎవరి ఖాతాలో రాయాలన్న దగ్గరే మేనేజ్‌మెంటుతో మాట ఆగిపోతుంది.