చెట్టు చచ్చినా దాహం చావదు

"గాలి పొడిబారిన నెలల్లో మా చెక్క నేలలో పలకకీ పలకకీ మధ్య సందులు పడుతున్నాయి. తేమ పెరిగితే అవే మూసుకుపోతున్నాయి. నాసిరకం చెక్క అంటగట్టారా?" అని ఒక పాఠకుడు అడిగారు. వచ్చిపోయే సందులు మోసానికి గుర్తు కాదండీ. అది చెక్క గుణం.

"వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి" అని బడిలో బట్టీ పట్టించి వదిలేస్తారు. ఆ ఒక్క ముక్కతో వానాకాలంలో బిగుసుకుపోయే తలుపు సంగతి తేలుతుందా? చెక్క విషయంలో వేడిది చిన్న వేషం. ఆడించేదంతా నీరే.

చెక్క కణాల గోడలు సెల్యులోజ్ పోగులతో అల్లినవి. ఆ పోగుల ఒంటినిండా నీటి అణువులను పట్టుకునే హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. పచ్చి దుంగ ఆరేటప్పుడు ముందు కణాల బోలులో నీరు పోతుంది. దాంతో కొలత మారదు. చెక్క తేమ (ఎండు చెక్క బరువుతో పోలిస్తే నీటి బరువు) సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది, ముడుచుకోవడం అప్పుడు మొదలవుతుంది. గాలి తేమ 30 శాతం ఉన్న గదిలో చెక్క తేమ దాదాపు 6 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో 50 అయితే చెక్కలో 9, 80 అయితే 16. పాలిష్ ఈ రాకపోకలను నెమ్మది చేస్తుందే కానీ ఆపలేదు.

ఇందులో నాకు భలే నచ్చేది దిక్కుల తేడా. వానకు తడిసిన గడ్డిమోపు లావెక్కుతుంది గానీ పొడవు పెరగదు కదా, చెక్కా అంతే. పోగులు చాలామటుకు మాను నిలువునా ఉంటాయి, నీరు వాటి మధ్య దూరి పక్కలకు నెడుతుంది. ఆ పక్కలూ సమానం కావు. రెడ్ ఓక్ అనే చెక్క పచ్చిగా ఉండి పూర్తిగా ఆరితే, మానులో ఏటేటా పెరిగే వలయాల వెంబడి 8.6 శాతం ముడుచుకుంటుంది, వలయాలకు అడ్డంగా 4 శాతమే. అందుకే కొనేటప్పుడు పలక ముఖం కాదు, చివర చూడండి. వలయాలు పడుకున్నట్టుంటే ఎక్కువ కదులుతుంది, నిలబడినట్టుంటే తక్కువ. చెక్క తేమ 3 శాతం మారితే 4 మీటర్ల వెడల్పు నేలలో వలయాలు పడుకున్న రెడ్ ఓక్ లెక్కప్రకారం 44 మిల్లీమీటర్లు, నిలబడినది 19 మిల్లీమీటర్లు కదలాలి. మేకులు బిగబట్టి ఉంచుతాయి కాబట్టి అంతా బయటపడదు. అయినా గోడ పక్కన ఖాళీ వదిలి గోడ అడుగు పట్టీతో (స్కర్టింగ్) కప్పేది ఇందుకే. ఇంజినీర్డ్ చెక్కలో పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు. పొడవునా సాగని పొర, పక్కకు సాగబోయే పొరను పట్టి లాగుతుంది. గడ్డిమోపుకు అడ్డంగా మరో మోపు కట్టినట్టు!

జనం మాత్రం గట్టిదనం గురించే అడుగుతారు. దాన్ని కొలిచే జాంకా పరీక్షలో 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సగం దిగేదాకా చెక్కలోకి నొక్కుతారు. ఆ పరీక్షలో టేకు రెడ్ ఓక్ కంటే మెత్తన. కానీ తేమకు టేకు తక్కువ కదులుతుంది. నొక్కు పడకపోవడం వేరు, ఒంకర పోకపోవడం వేరు.

పరిచే ముందు చెక్కనూ కింది నేలనూ తేమ మీటరుతో కొలిపించండి. పైకి ఆరినట్టుండే కాంక్రీటును నమ్మకూడదు. కింది నుంచి తేమ ఎక్కితే పలక అడుగు వెడల్పై, అంచులు లేచి దొప్పలా అవుతుంది. అప్పుడు కంగారుపడి యంత్రంతో పైభాగం గీకించారనుకోండి, తర్వాత అడుగు ఆరి, గీకేసిన అంచులు పల్లమై నడుమ వీపులా ఉబ్బుతుంది. ముందు తేమ ఆపాలి, ఆరనివ్వాలి, తర్వాతే యంత్రం. రోజూ దుమ్ము ఊడ్చి, బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. ఆవిరి మాప్ వద్దు.

రాత్రిళ్లు కిర్రుమంటే దయ్యమనేవాళ్లున్నారు. ముడుచుకుని వదులైన పలక మేకు మీద రుద్దుకున్నా ఆ చప్పుడే వస్తుంది.

ఇక మీ సందుల సంగతి. పొడి రోజుల్లో వాటిలో పుట్టీ నింపకండి. తేమ రాగానే పలకలు లావెక్కి దాన్ని బయటికి కక్కుతాయి. తేమ నెలల్లో ఒక సన్నటి అట్టముక్క దూర్చి చూడండి. దూరకపోతే ఏమీ చేయనక్కర్లేదు. అప్పుడూ దూరితే వడ్రంగిని పిలవండి.