బరువు గురించి రెండు ముక్కలు

పిల్లలూ,

మొన్న బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ల్యాబ్‌కి వచ్చినప్పుడు టెస్టింగ్ కంప్యూటర్ చూసి, "తాతయ్యా, తెర కూడా లేదు, ఇంత బరువు, ఇదేం కంప్యూటర్?" అన్నారు. ఆ గోలలో జవాబు చెప్పడం కుదరలేదు. బరువు దగ్గరే మొదలుపెడతాను.

1968లో ఆలన్ కే అనే అమెరికా ఆయనకు మీలాంటి పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగే కంప్యూటర్ చెయ్యాలనిపించింది. అప్పటికి అలాంటిది చేసే దారే లేదు. అయినా ఊరుకోలేదు. అట్టతో బొమ్మ చేసి, అందులో సీసపు గుళ్లు పోసి, ఎంత బరువైతే బాగుంటుందో చూసుకున్నాడు. కిలో లోపే ఉండాలని తేలింది. పదేళ్లకు, 1978లో, జెరాక్స్ పరిశోధనశాలలో ఆయన బృందం నోట్‌టేకర్ అనే నమూనా చేసింది. తూకం 22 కిలోలు! మన బియ్యం మూటకు మూడు కిలోలు తక్కువ. తెర ఏడంగుళాలే గానీ పాత టీవీల్లోలాగా గాజు పిక్చర్ ట్యూబు, దానికి తోడు ఫ్లాపీ డ్రైవు. పదో ఎన్నో చేసి ఆపేశారు, అమ్మకానికి పెట్టనే లేదు. నన్నడిగితే ఇప్పటి లాప్‌టాప్‌ల కన్నా దాని మీదే నాకు గౌరవం ఎక్కువ.

ఇక మా పెట్టె సంగతి. దాన్ని పీఎక్స్ఐ అంటారు, సర్క్యూట్లు పరీక్షించే కార్డులన్నీ ఒకే పెట్టెలో గుచ్చే పద్ధతి, 1997లో వచ్చింది. దాన్ని ఎవరూ మొయ్యరు కాబట్టి తేలిక చెయ్యాలన్న పట్టింపు లేదు. లోపల ఒక కార్డు మామూలు కంప్యూటరే, విండోస్ కూడా నడుస్తుంది. గేమ్ ఆడొచ్చు, మా మేనేజరు ఆడనివ్వడంతే. మిగతావన్నీ కొలిచే కార్డులు. ఒకటి సర్క్యూట్‌లోకి కరెంటు పంపుతుంది, ఇంకొకటి జవాబు ఎప్పుడొచ్చిందో చూస్తుంది. చిక్కంతా ఆ 'ఎప్పుడు' దగ్గరే. విండోస్‌కి వెయ్యి పనులు. వేరే పని మీద ఒక మిల్లీసెకను ఆగిందంటే, మా లెక్కలో పది లక్షల నానోసెకన్లు పోయినట్టే (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు). అందుకని టైము చూసే పని దానికి అప్పజెప్పరు. కార్డులన్నీ గుచ్చే వెనక బోర్డులోనే సెకనుకు కోటిసార్లు కొట్టుకునే గడియారం ఒకటుంటుంది. దాని దెబ్బ ఏ కార్డుకైనా నానోసెకను తేడా కూడా లేకుండా చేరాలి. బోర్డు మీద నానోసెకనులో సిగ్నల్ వెళ్లేది సుమారు 15 సెంటీమీటర్లే. అంటే రాగి గీతల పొడవు కూడా లెక్క చూసుకునే గియ్యాలి.

ఇది కళ్లారా చూడాలంటే ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో పాడైన మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ లోపలి ముఖ్యమైన బోర్డు, ఒకటి చవగ్గా కొనుక్కోండి. ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య కొన్ని గీతలు తిన్నగా పోయే దారి ఉన్నా వంకర టింకరగా తిరుగుతుంటాయి. పక్క గీతల పొడవుతో సరిపోవాలనే ఆ తిప్పలన్నీ. భూతద్దం నా దగ్గరుంది, ఇస్తాను. నాన్న ఆఫీసు లాప్‌టాప్ మాత్రం విప్పకండి, మీ అమ్మ నన్నంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య