సున్నా దగ్గరే అసలు జారుడు

బెజవాడలో బండి జారిందంటే తొలకరి చినుకులకు రోడ్డు మీద తేలిన ఆయిలో, లారీ మీంచి రాలిన ఇసుకో కారణమై ఉంటుంది. జనవరిలో కూడా ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. మంచుకు జారి పడటం మనకు తెలియని బాధ. కానీ మన పిల్లలు బోలెడంతమంది అమెరికాలో, యూరప్‌లో కార్లు నడుపుతున్నారు. 'భూమి వేడెక్కుతోందిగా, ఇక అక్కడ మంచు గొడవ తగ్గిపోతుందిలే' అనుకునేవాళ్లూ ఉన్నారు. అది సగమే నిజం.

అసలు రోడ్డుకు మంచు ఎలా పడుతుందో తెలుసుకోవడానికి లంబసింగి దాకా వెళ్లక్కర్లేదు. డిసెంబరులో తెల్లవారుజామున ఆరుబయట పెట్టిన స్కూటీ సీటు తడిసి ఉంటుంది. పక్కనే రేకుల షెడ్డు కింద ఉన్నది పొడిగా ఉంటుంది. రెండింటి చుట్టూ గాలి ఒకటే, తేడా అంతా ఆకాశంతోనే. మబ్బు లేని రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉన్న వస్తువు తన వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదిలేస్తూ, చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది. గాలిలో తేమ దాని మీద నీరై కూర్చుంటుంది. షెడ్డు కింద బండికైతే రేకు కొంత వేడిని తిరిగి పంపుతూ ఉంటుంది.

వస్తువు సున్నా కన్నా కిందికి చల్లబడితే ఆ తేమ నీరు కాకుండా నేరుగా మంచుగా మారుతుంది. అందుకే గాలి 2 డిగ్రీలున్నా రోడ్డు మీద మంచు పట్టొచ్చు. వంతెనల పరిస్థితి మరీ కష్టం. వాటికి కింద నేల వెచ్చదనం అందదు, పైనా కిందా గాలే. మన కనకదుర్గ ఫ్లైఓవర్‌ని తీసుకెళ్లి చలిదేశంలో పెడితే, కింద రోడ్డు ఇంకా తడిగా ఉండగానే పైన గాజు పరిచినట్టయిపోతుంది. 2021 ఫిబ్రవరి 11న టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఇలాగే ఎత్తుగా కట్టిన హైవే మీద వాన నీరు గడ్డకట్టింది. 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు.

ఫోన్‌లో పిల్లలు 'మైనస్ 20 ఉంది' అంటే మనకు టెన్షన్. 'ప్లస్ 1, వాన పడుతోంది' అంటే హమ్మయ్య అనుకుంటాం. రోడ్డు వరకు చూస్తే టెన్షన్ పడాల్సింది రెండోదానికే. మరీ చలిలో మంచు గరుకుగా ఉండి టైరుకు కాస్త పట్టిస్తుంది. సున్నా దగ్గర అదే మంచు మెత్తబడి, పైన పల్చటి నీటి పొర చేరుతుంది. పగలు కరిగిన నీళ్లే రాత్రికి మళ్లీ గడ్డకట్టి, కంటికి ఆనకుండా తారు రంగులో కలిసిపోతాయి.

కాబట్టి ఒక ఊరు ఎంత చల్లగా ఉందన్నది కాదు, చలికాలంలో ఎన్నిసార్లు సున్నాను అటూ ఇటూ దాటుతోందన్నది చూడాలి. వేడెక్కడం వల్ల స్వీడన్ దక్షిణాన ఈ దాటడాలు తగ్గుతాయి, అక్కడివాళ్లకు నిజంగానే మేలు. ఉత్తరాన నడి చలికాలంలో అవే పెరుగుతాయి. ఇన్నాళ్లూ నెలల తరబడి గట్టిగా గడ్డకట్టి ఉండే చోట ఇప్పుడు మధ్యమధ్యలో వాన పడుతుంది. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. ఉత్తర ధ్రువ ప్రాంతమైతే 1979 నుంచి ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది.

రోడ్డు మీద మంచు కరగడానికి అక్కడ చల్లే ఉప్పు సంగతి మరో తిరకాసు. ఉప్పునీరు ఎంత చిక్కగా ఉన్నా మైనస్ 21 దగ్గర గడ్డకట్టక తప్పదు. రోడ్ల మీదైతే మైనస్ 10 దగ్గరికి వచ్చేసరికే దాని పని మందగిస్తుంది. అందుకే మరీ చలి ప్రాంతాల్లో ఇసుకో కంకర నుసో చల్లుతారు. ఆ ప్రాంతాలు సున్నాకు దగ్గరైతే ఉప్పు అక్కడా పనిచేస్తుంది, అంటే అక్కడా చల్లడం మొదలవుతుంది. ఆ ఉప్పంతా చెరువుల్లోకి, బావుల్లోకి చేరుతుంది, కార్ల అడుగుభాగాల్ని తుప్పు పట్టిస్తుంది. గడ్డకట్టేటప్పుడు నీరు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి, పగుళ్లలో దిగిన నీరు సున్నా దాటిన ప్రతిసారీ తారును కాస్త చీలుస్తుంది. గుంతల రోడ్లు మన సొంతమేమీ కాదన్నమాట.

చలిదేశాల్లో చాలా కార్లు బయట ఉష్ణోగ్రత 3, 4 డిగ్రీలకు దిగగానే డ్యాష్‌బోర్డు మీద మంచు గుర్తు వెలిగిస్తాయి. ఇంకా సున్నా కాలేదు కదా అని దాన్ని పట్టించుకోని డ్రైవరుకు, రోడ్డు ఆపాటికే సున్నా కిందికి దిగి ఉండొచ్చన్న సంగతి గుర్తుండదు.