లివర్‌పూల్ రేవులో స్టేడియం: గొడవ మొదలైంది 2021లో కాదు, 2012లో

లివర్‌పూల్ ఉత్తర రేవులో బ్రామ్లీ-మూర్ డాక్‌ను, అంటే ఓడలు ఆగే పాత నీటి తొట్టిని, ఇసుకతో పూడ్చి ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ కట్టుకున్న స్టేడియం మీద మళ్లీ రచ్చ నడుస్తోంది. ఈసారి కారణం పార్కింగ్. 2025 ఆగస్టులో గేట్లు తెరిచినప్పటి నుంచి మ్యాచ్ రోజుల్లో చుట్టుపక్కల వీధుల్లో బండ్లు ఆపకుండా నగర కౌన్సిల్ ఆంక్షలు పెట్టింది. అక్కడ ఏళ్లుగా వర్క్‌షాపులు, గోదాములు, బార్లు నడుపుకుంటున్నవాళ్లు మా కస్టమర్లు బండి ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతున్నారు. ఆట అయిపోయాక వేలమంది ఒక్కసారిగా శాండ్‌హిల్స్ అనే చిన్న రైల్వే స్టేషన్ వైపు నడుస్తారు, అక్కడ క్యూలో నిలబడతారు. ఈ చిరాకుతో పాటే పాత ప్రశ్న కూడా పైకి వచ్చింది: ఈ స్టేడియం కోసమేనా లివర్‌పూల్ తన యునెస్కో హోదాను పోగొట్టుకుంది?

ఆ హోదా పోయిన సమావేశం మనకు బాగా గుర్తున్నదే. 2021 జూలైలో చైనాలోని ఫుజౌ కేంద్రంగా ఆన్‌లైన్‌లో జరిగిన ప్రపంచ వారసత్వ కమిటీ 44వ సమావేశం అది. 25వ తేదీన పాలంపేట రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా దక్కింది, మన ఊళ్లలో సంబరం జరిగింది. సరిగ్గా నాలుగు రోజుల ముందు, 21న, అదే కమిటీ రహస్య ఓటింగ్ పెట్టి లివర్‌పూల్ పేరు కొట్టేసింది. తొలగించాలని 13 ఓట్లు, వద్దని 5 ఓట్లు పడ్డాయి, రెండు చెల్లలేదు. అంతకుముందు ఇలా పేరు పోగొట్టుకున్నవి రెండే: 2007లో ఒమన్‌లోని అరేబియన్ ఓరిక్స్ అభయారణ్యం, 2009లో జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బే లోయ.

ఆ ఓటింగుకు నాలుగు నెలల ముందే స్టేడియానికి తుది అనుమతి వచ్చింది. ఓటింగ్ అయిన మూడు వారాల్లోపే పనులు మొదలయ్యాయి. తేదీలు అలా పక్కపక్కన పడటంతో చాలా వార్తల్లో కథ ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది: ఫుట్‌బాల్ కోసం వారసత్వాన్ని పణంగా పెట్టారు. ఆ వాక్యంలో సగం నిజమే ఉంది. మిగతా సగం కోసం ఇంకా వెనక్కి వెళ్లాలి. మరీ వెనక్కి అక్కర్లేదు. ఓడల వ్యాపారం, అందులో బానిసల రవాణా, 1892లో ఎవర్టన్ నుంచి లివర్‌పూల్ క్లబ్ వేరుపడటం, బీటిల్స్, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

నా లెక్కలో మొత్తం కథను విప్పి చెప్పేది 2012 మార్చి. ఆ నెలలో నగర కౌన్సిల్ ‘లివర్‌పూల్ వాటర్స్’ అనే పథకానికి పచ్చజెండా ఊపింది. రేవుల యజమాని పీల్ సంస్థ తెచ్చిన పథకం అది. నగరం నడిబొడ్డున ఉన్న ప్రిన్సెస్ డాక్ దగ్గర మొదలై ఉత్తరాన బ్రామ్లీ-మూర్ డాక్ దాకా సుమారు 2 కిలోమీటర్ల తీరం, 60 హెక్టార్లు, అంటే దాదాపు 148 ఎకరాలు. ఖర్చు అంచనా 550 కోట్ల పౌండ్లు, గడువు 30 ఏళ్లు. వేల ఫ్లాట్లు, ఆఫీసులు, హోటళ్లు, 50 అంతస్తులు దాటే టవర్ వస్తాయని బొమ్మలు గీసి చూపించారు. ఇంత తీరం మీద ఒకే యజమానికి, ఒకే దరఖాస్తు మీద అనుమతి దొరికింది.

పాత కట్టడాల రక్షణ మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే అప్పటి ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ అభ్యంతరం చెప్పింది. కేంద్ర ప్రభుత్వం స్వయంగా విచారణ జరపాలని కోరింది. 2012 వేసవిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చున్న వారసత్వ కమిటీ లివర్‌పూల్‌ను ప్రమాదంలో ఉన్న ప్రదేశాల జాబితాలో పెట్టింది. 2013 మార్చిలో మంత్రి ఎరిక్ పికిల్స్ విచారణ అక్కర్లేదని, ఇది స్థానికంగా తేల్చుకోవాల్సిన విషయమని వదిలేశారు. తలుపు మూసుకుపోయింది అక్కడే. ఆ తర్వాత ఎనిమిదేళ్లు యునెస్కో ఒకటే మాట అడుగుతూ వచ్చింది: సరైన ప్రణాళిక కుదిరేదాకా ఆ తీరంలో కొత్త కట్టడాలకు అనుమతులు ఆపండి. చట్టం ప్రకారం వచ్చిన దరఖాస్తులను గంపగుత్తగా ఆపడం కుదరదని కౌన్సిల్ జవాబు. 2017లో క్రాకోవ్ సమావేశంలో తొలగింపు మాట సూటిగానే వచ్చింది. అయినా ఎవరూ కదల్లేదు. బ్రిటన్‌లో ప్రపంచ వారసత్వ హోదాకు గౌరవం ఉంది, కట్టడాలకు అనుమతులిచ్చే కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ దాన్ని లెక్కలోకి తీసుకోవాలి కూడా. కానీ కమిటీ చేతులు కట్టేసే అధికారం దానికి లేదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. లివర్‌పూల్ ప్రమాద జాబితాలోకి ఎక్కిన రోజున బ్రామ్లీ-మూర్ డాక్‌లో స్టేడియం అనే ఆలోచన కాగితం మీద కూడా లేదు. ఎవర్టన్ అప్పటికి ఎక్కడికి పోవాలో తెలియని స్థితిలో ఉంది. 1892 నుంచి ఆడుతున్న గుడిసన్ పార్క్‌కు నాలుగు పక్కలా ఇళ్లు, ఒక మూల చర్చి. పెంచుదామంటే చోటు లేదు. చాలా సీట్ల నుంచి చూస్తే ఎదురుగా స్తంభం అడ్డు. 2009లో పక్క ఊరు కిర్క్‌బీలో సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కోతో కలిసి కట్టాలనుకున్న స్టేడియాన్ని ప్రభుత్వం తిరస్కరించింది. 2014లో వాల్టన్ హాల్ పార్క్ అన్నారు, రెండేళ్లకు అదీ వదిలేశారు.

వీటన్నిటికంటే ముందు కింగ్స్ డాక్ ఉంది. అది తలుచుకుంటే ఎవర్టన్ పాత అభిమానులకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆల్బర్ట్ డాక్‌కు ఆనుకుని, నగరం మధ్యలో, నది ఒడ్డున 55,000 సీట్లు. క్లబ్ తన వాటాగా సుమారు 3 కోట్ల పౌండ్లు తెస్తే చాలు. తేలేకపోయింది, 2003లో ఆ అవకాశం చేజారింది. మరుసటి ఏడాదే లివర్‌పూల్ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ 3 కోట్లు అప్పుడు పుట్టి ఉంటే రేవు ఒడ్డు స్టేడియం హోదా కంటే ముందే ఖాయమై ఉండేది. బ్రామ్లీ-మూర్ డాక్ నీళ్లు ఇంకా అలాగే ఉండేవేమో.

2016లో వ్యాపారవేత్త ఫర్హాద్ మొషిరి క్లబ్‌లో వాటా కొన్నాక డబ్బు కనిపించింది. 2017లో పీల్‌తో 200 ఏళ్ల లీజుకు ఒప్పందం కుదిరింది. 2012లో గీసిన ఆ 60 హెక్టార్ల గీతలో ఉత్తరపు కొస ఇది. టవర్ల కంటే ముందు అక్కడికి జనాన్ని లాగేది ఏదైనా కావాలి. ఫుట్‌బాల్‌కు మించి జనాన్ని లాగేది లివర్‌పూల్‌లో ఇంకేముంది? స్టేడియం ఈ పథకానికి పుట్టిన బిడ్డ అని నేను అనేది అందుకే.

ఆ డాక్ గురించి కాస్త దగ్గరగా చూద్దాం. 1848 ఆగస్టు 4న ఉత్తర రేవులో ఒకే రోజు ఐదు డాకులు తెరిచారు. బ్రామ్లీ-మూర్ వాటిలో ఒకటి. కట్టింది జెస్సీ హార్ట్‌లీ. గ్రానైట్ రాళ్లను పెద్దవీ చిన్నవీ కలిపి, వంకర టింకర అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చడం ఆయన పనితనం. లాంకషైర్ గనుల బొగ్గు రైలు పెట్టెల్లో ఎత్తు పట్టాల మీద వచ్చి ఇక్కడే ఓడల్లోకి జారేది. పేరు పెట్టింది అప్పటి డాక్ కమిటీ అధ్యక్షుడు జాన్ బ్రామ్లీ-మూర్ మీద. ఆయన బ్రెజిల్ వ్యాపారంలో డబ్బు చేసినవాడు. ఆ బ్రెజిల్‌లో పొలం పని అప్పటికి బానిసలదే. బయట డాక్ రోడ్డు పొడవునా మనిషికి మూడింతల ఎత్తున రేవు గోడ. దొంగతనాలు ఆపడానికి కట్టిన ఆ గోడ వెనక నది ఉందన్న సంగతి కిర్క్‌డేల్, వాక్స్‌హాల్ వాడల పిల్లలకు వినికిడి మాత్రమే. ఓడలు తగ్గిపోయాక పని కూడా పోయింది, గోడ మాత్రం మిగిలింది.

ఉత్తర లివర్‌పూల్ జనం వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇంగ్లాండ్‌లోనే అత్యంత పేద వాడల్లో కొన్ని ఆ గోడకు ఇవతల ఉన్నాయి. వారసత్వ హోదా ఉన్న పదిహేడేళ్లలో దక్షిణాన ఆల్బర్ట్ డాక్ దగ్గర మ్యూజియంలు, హోటళ్లు, టూరిస్టులు వచ్చారు. ఉత్తరాన స్టాన్లీ డాక్ గోదాములో ఒక హోటల్ తప్ప పెద్దగా ఏమీ రాలేదు. క్లబ్ నడిపిన రెండో దశ సంప్రదింపుల్లో 43,000 మందికి పైగా స్పందిస్తే 96 శాతం మంది డిజైన్‌కు ఒప్పుకున్నారు. క్లబ్ సొంత సర్వే కదా అని కొట్టిపారేయొచ్చు, కానీ అన్ని వేలమంది ఊరికే ఫారాలు నింపరు. 15,000 దాకా ఉద్యోగాలు వస్తాయని క్లబ్ చెప్పింది. హోదా పోయిన రోజు మేయర్ జోవాన్ ఆండర్సన్ కూడా ఇదే బాధతో మాట్లాడారు: డాక్ పాడుబడి ఉంటేనే మేలు అన్నట్టు యునెస్కో ఎందుకు ఆలోచిస్తోందో అర్థం కావడం లేదని.

ఇంకో సంగతి చాలా కథనాల్లో కనిపించదు. బ్రామ్లీ-మూర్‌కు ఉత్తరాన ఆనుకునే వెల్లింగ్టన్ డాక్ ఉండేది. నగరపు మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని పెంచడానికి దాన్నీ పూడ్చేశారు, 2016 నాటికి ఆ పని పూర్తయింది. అది వారసత్వ ప్రాంతపు హద్దు గీతకు అవతల ఉంది, నిజమే. కానీ వాడలో ఉండేవాళ్లకు ఆ గీత కనబడదు కదా. మురుగు ట్యాంకుల కోసం ఒక డాక్ పూడిస్తే లేవని గొంతులు పక్క డాక్‌లో మన ఆట కోసం కడితే ఎందుకు లేచాయని వాళ్లు అడిగారు.

ఇంగ్లిష్ హెరిటేజ్ చేసిన పనిని తర్వాత చేపట్టిన హిస్టారిక్ ఇంగ్లాండ్ వాదన కూడా తీసిపారేసేది కాదు. 1848 నాటి డాకుల వరుసలో ఒకదాని నుంచి ఇంకోదానిలోకి నీళ్లు పారుతుంటేనే అది రేవు వ్యవస్థ. గోడలు కింద భద్రంగా ఉన్నాయి, కావాలంటే ఎప్పుడైనా ఇసుక తీసేయొచ్చు అని క్లబ్ చెప్పిన మాట వాళ్లను ఒప్పించలేదు. మనకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్లు పోయి గట్టు ఒక్కటే మిగిలితే దాన్ని చెరువు అనం. రామప్ప గుడి పక్కన రామప్ప చెరువు లేకపోతే కాకతీయుల పనిలో సగం పోయినట్టే.

2021 ఫిబ్రవరి 23న ప్లానింగ్ కమిటీ ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. విచారణ కోసం హిస్టారిక్ ఇంగ్లాండ్ మళ్లీ అడిగింది. మార్చి 26న మంత్రి రాబర్ట్ జెన్రిక్ అక్కర్లేదన్నారు. ఎనిమిదేళ్ల కింద పికిల్స్ ఇచ్చిన జవాబే ఇది. 2013లో ఆ విచారణ జరిగి ఉంటే, తీరంలో ఏ భాగం ముట్టుకోవాలి, ఏ డాక్‌లో నీళ్లు పోకూడదు, జనం వస్తే రైలు ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నలన్నీ ఒకే బల్ల మీదికి వచ్చేవి. అలా జరగలేదు కాబట్టి ఒక్కో ముక్క ఒక్కోసారి తేలింది. యునెస్కో తొలగింపు నిర్ణయంలో స్టేడియం పేరు ఉంది, దానికంటే ముందు లివర్‌పూల్ వాటర్స్ పేరు కూడా ఉంది.

పూడ్చే పని ఇలా జరిగింది. డైవర్లు దిగి అడుగున పేరుకున్న చెత్త తీశారు. డాక్‌లో పెరుగుతున్న చేపలను పట్టి పక్క నీళ్లలోకి మార్చారు. తర్వాత ఒక డ్రెడ్జర్ ఓడ ఐరిష్ సముద్రం అడుగు నుంచి ఇసుక తోడుకుని రోజూ వచ్చి, నీళ్లతో కలిపి డాక్‌లోకి వదిలింది. మొత్తం 4,50,000 ఘనపు మీటర్లకు పైనే. పడమటి వైపు ఒక కాలువంత నీరు మాత్రం ఉంచారు. ఓడల తాళ్లు కట్టిన ఇనుప గుంజలు, పాత పట్టాల ముక్కలు తీసి దాచి, స్టేడియం ముందు నేలలో మళ్లీ అమర్చారు. 1883 నాటి హైడ్రాలిక్ టవర్ అలాగే నిలబడి ఉంది.

ఈ మధ్యలో క్లబ్ దాదాపు మునిగిపోయింది. ఖర్చు 75 కోట్ల పౌండ్ల దాకా పెరిగిందని వార్తలు వచ్చాయి. 2023-24లో ఆర్థిక నిబంధనల కింద పాయింట్లు కోసేశారు, 2024 డిసెంబరులో క్లబ్ అమెరికా సంస్థ ఫ్రీడ్‌కిన్ గ్రూప్ చేతికి మారింది. 2025 మే 18న పురుషుల జట్టు గుడిసన్‌లో చివరి మ్యాచ్ ఆడింది. ఆగస్టు 24న కొత్త స్టేడియంలో తొలి లీగ్ మ్యాచ్‌లో బ్రైటన్‌పై 2-0తో గెలిచింది. గుడిసన్ తెరిచింది కూడా 1892లో ఆ తేదీనే.

ఇప్పుడు పార్కింగ్ గొడవకు వద్దాం. 2012 బొమ్మల్లో ఆ చివరన ఉన్నది ఒంటరి కట్టడం కాదు. అక్కడిదాకా ఇళ్లు, దుకాణాలు, బస్సులు, నడిచివచ్చే జనంతో ఒక కొత్త ఊరే ఉంది. స్టేడియం ముందే లేచింది, ఊరు ఇంకా చాలావరకు రాలేదు. ప్రిన్సెస్ డాక్ దగ్గర కొన్ని భవనాలు, ఆ తర్వాత పొడవునా ఖాళీ నేల, చివర్లో 52,000 పైచిలుకు సీట్లు, ఆ పక్కన మురుగునీటి కేంద్రం. మ్యాచ్ రోజున మోసుకోవాల్సిన బరువంతా శాండ్‌హిల్స్ మీద, డాక్ రోడ్డుకు ఇవతలి షెడ్ల మీద పడుతోంది. ఆ షెడ్లవాళ్లలో చాలామంది స్టేడియం రావాలని కోరుకున్నవాళ్లే. మా మీద కోపం ఎవర్టన్‌కు లేదు, మాకూ ఎవర్టన్ మీద లేదు, పర్మిట్లు సరిగా ఇస్తే చాలన్నదే వాళ్ల మాట సారాంశం.

కౌన్సిల్ ఈ పార్కింగ్ ఆంక్షలను ప్రయోగాత్మకంగానే పెట్టింది కాబట్టి మార్చే వీలుంది. 2028లో యూరో, అంటే యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్ మ్యాచ్‌లు కొన్ని ఇదే స్టేడియంలో జరుగుతాయి. ఖాళీ నేల మీద 30 ఏళ్ల అనుమతి ఇంకా నడుస్తోంది, అందులో దాదాపు సగం గడువు అయిపోవచ్చింది.